సాలెవాడ అల్లుడు

మొన్న పంచాయతీ ఎలక్షన్ల రోజుల్లో మైకు కట్టిన ఆటో ఒకటి మా ఇంటి ముందు ఆగింది. సర్పంచికి నిలబడ్డ ఒకామె గురించి, ఆమె మన ఊళ్ళో పుట్టలేదు, ఎక్కడినుంచో వచ్చింది, ఊరి పెత్తనం పరాయి మనిషి చేతిలో పెడతామా అని దాంట్లోని పిల్లగాడు గొంతు చించుకుంటుంటే, అరుగు మీద బియ్యం చెరుగుతున్న నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె ఈ ఊరికి కోడలై వచ్చి పాతికేళ్ళు దాటింది. ఆమె పురుడు పోసుకున్ననాడు కాచిన నీళ్ళు మోసింది నేనే. మైకు ఆపించి ఆ పిల్లగానికి నాలుగు వాయించి పంపించాను. నీకెందుకు అవ్వా ఈ గొడవలు, బీపీ పెరుగుతది, లోపలికి రా అని మా మనవడు నన్నే కోప్పడ్డాడు. వాడికి ఏం తెలుసు, నాకు కోపం వచ్చింది ఆ ఆటో మీద కాదని. నా ఈడువాళ్ళకైతే చెప్పనక్కరలేదు, సగం మాటకే అర్థం చేసుకుంటారు. కానీ ఆ ఈడువాళ్ళు ఎంతమంది మిగిలారు కనుక.

నేను వనపర్తి దిక్కుకు కాపురానికి వచ్చాను గానీ పుట్టింది గద్వాల సంస్థానంలో, గద్వాలకు ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్ళో. మా వాడ సాలెవాడ. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేసే ఇళ్ళు అవి, పొద్దున లేస్తే మగ్గాల చప్పుడుతోనే లేవడం. మా అమ్మ తండ్రికి మగపిల్లలు లేరు. ఆయన అన్న కొడుకు ఒకడున్నాడు, అంటే నాకు మేనమామ వరస. తాతకు వారసులు లేరు కాబట్టి ఆ ఇల్లూ, మగ్గమూ తనకే వస్తాయని అతను చిన్ననాటినుంచే లెక్కవేసుకుని ఉన్నాడు. తాత మాత్రం రాయచూరు దిక్కునుంచి ఒక పేదింటి పిల్లవాణ్ణి తెచ్చుకుని ఇల్లరికం పెట్టుకున్నాడు. ఆ పిల్లవాడే మా నాయన. ఆనాడు మా మేనమామ కడుపులో పడ్డ నిప్పు చచ్చేదాకా ఆరలేదు.

పైకి చూస్తే అతనిలో ఏ దోషమూ కనబడేది కాదు, అదే ఆ మనిషి గొప్పతనం. తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు, మర్యాద చేసేవాడు. మా దిక్కు ఒక ఇంటి అల్లుడంటే వాడ మొత్తానికీ అల్లుడే కదా, ఎదురొస్తే పక్కకు జరుగుతారు, కూర్చోమంటారు, పేరు పెట్టి పిలవరు. వచ్చిపోయే అల్లుడికి అది ముచ్చటగానే ఉంటుంది. రాత్రీ పగలూ అదే ఊళ్ళో ఉండి, అక్కడే ముసలివాడవుతున్న మనిషికి అది ఎట్లా ఉంటుందో ఆలోచించండి. వాడ పంచాయితీకి పోతే మా నాయనకు విడిగా గొంగడి పరిచేవారు, మొదటి తాంబూలం ఆయనకే ఇచ్చేవారు, మాట మాత్రం అడిగేవారు కాదు. ఊరి దేవర జాతరకు ఇల్లిల్లూ తిరిగి చందా వసూలు చేస్తూ మా గడప దాటి పోయేవారు, అల్లుని చేతినుంచి తీసుకుంటమా, మంచిగుండదు అని నవ్వుతూ. ఒక ఎండాకాలం వాడ బావి పూడిక తీస్తుంటే, మగవాళ్ళందరూ దిగారు కదా అని మా నాయన కూడా ధోతి ఎగగట్టి దిగాడు. ఆయన దిగిన మరుక్షణం మిగిలినవాళ్ళందరూ ఒక్కొక్కరే పైకి వచ్చేశారు. అల్లుని చేత మట్టి మోయించినమంటే నలుగురు ఉమ్మేస్తరు అని మా మేనమామ ఒడ్డున నిలబడి చెప్పాడు. మా నాయన ఒక్కడే బురదలో కాసేపు నిలబడి, ఆయనా ఎక్కి వచ్చాడు. అప్పటికి ఆయన ఆ ఊరికి వచ్చి ముప్పై ఏళ్ళు కావస్తోంది. అవును అనడానికి బదులు అప్పుడప్పుడు హౌదు అనేవాడు, అది తప్పితే ఆయనలో రాయచూరు ఏమీ మిగలలేదు.

ఆ రోజుల్లోనే తాలూకా కచేరీ నుంచి హుకుం వచ్చింది, ఊరికి ఒక పంచాయతీ కమిటీ ఉండాలని, వాడకు ఒక మనిషిని వాడవాళ్ళే చేతులెత్తి ఎన్నుకోవాలని. పటేలు, పట్వారీ తప్ప ఇంకో పెత్తనం ఎరగని ఊరు మాది. అందరూ వింతగా చెప్పుకున్నారు గానీ సాలెవాడకు ఎవరన్న మాటే రాలేదు, మా మేనమామ కులపెద్ద, అతనే అనుకున్నారు. ఆ సాయంత్రం జొన్నరొట్టె తింటూ మా నాయన తలెత్తకుండా, నేను నిలబడ్త అన్నాడు. మా అమ్మ కాలుస్తున్న రొట్టె పెనం మీదే మాడింది.

ఆయనకు పెత్తనం మీద మోజు లేదు. నేను ఒక్కదాన్నే బిడ్డను, నాకంటే ముందు పుట్టినవాళ్ళు నిలవలేదు. మా మేనత్త కొడుకును తెచ్చి నన్నిచ్చి ఇంట్లోనే పెట్టుకోవాలని మాట అయిపోయింది, మాఘమాసంలో ముహూర్తం చూడాలనుకుంటున్నారు. నాకు మా బావంటే ఇష్టం. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేముంది, చాలా ఇష్టం. ఆ బావ కూడా రాయచూరు దిక్కునుంచి వచ్చి ఈ వాడలో గొంగడి మీద విడిగా కూర్చోవలసిందేనా అన్నదే మా నాయన బాధ. ఒక్కసారి పదిమందిలో నన్ను ఈ ఊరోడని అంటే చాలు, ఆ పిలగాడు తలెత్తుకుని వస్తడు, లేకుంటే వాణ్ణి తెచ్చి ఈ నరకంల ఎట్ల పడెయ్యాలె అన్నాడు మా అమ్మతో. మా అమ్మ వద్దనలేకపోయింది.

ఆయన ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. ఎవరూ కాదనలేదు. మంచం వాల్చారు, మజ్జిగ ఇచ్చారు, నీకు కాకుంటే ఇంకెవరికి చెయ్యెత్తుతం అన్నారు. పట్టు అంచు నూలుకు కలిపే పని మా నాయన దగ్గర కూర్చుని నేర్చుకున్న పిల్లలు ఆ వాడలో చాలామందే ఉండేవారు, వాళ్ళయితే ప్రమాణాలు కూడా చేశారు. ఇటు మర్యాద అట్లాగే నడుస్తుండగా అటు మా ఇంటి చుట్టూ గాలి మారింది. బావి దగ్గర మా అమ్మ బిందె పెట్టిన పలక మీద ఇంకొకరు బిందె పెట్టడం మానేశారు. నాతో నూలు కండెలు చుట్టే ఆడపిల్లలు మా గుమ్మం ముందుకు రావడం మానేశారు. పైకి ఎవరూ ఒక్క మాట అనలేదు, అంటే తిరిగి అనడానికి మాకు వీలుండేది.

అన్నిటికంటే పాపిష్టి పని ఒకటి చేశారు, అది నేను మరువను. మగ్గానికెక్కే నిలువు పోగుల పడుగుకు గంజి పట్టడం ఒక్క ఇంటివాళ్ళతో అయ్యే పని కాదు. ఎండ ముదరకముందే వీధి పొడవునా పడుగు చాపి, అటూ ఇటూ పట్టుకునేవాళ్ళు పట్టుకుంటే, కుంచెతో గంజి తడుపుతూ, పోగులు విడదీస్తూ పోవాలి. ఈనాడు నా పడుగుకు నువ్వు వస్తే రేపు నీ పడుగుకు నేను వస్తాను, అట్లా నడిచేది వాడ. పగలు పెంచుకున్న ఇళ్ళవాళ్ళు కూడా పడుగు దగ్గర మాత్రం వచ్చి నిలబడేవారు. మా నాయన ముందురోజు అందరికీ చెప్పి వచ్చాడు. తెల్లవారి గంజి కాచి, పడుగు చాపి చూస్తే వీధిలో ఒక్క పురుగు లేదు. తలుపులు దగ్గరగా వేసుకుని లోపల మగ్గాలు ఆడిస్తున్నారు. మా అమ్మ ఒక కొసన, నేను ఒక కొసన, మా నాయన కుంచె పట్టుకుని ఆ పొడుగునా పరుగులు. ఎండ వచ్చేసింది. గంజి ఎండి పోగుకు పోగు అంటుకుపోయింది, విడదీయబోతే పుటపుట తెగిపోయింది. మా మేనమామ అప్పుడు బయటికి వచ్చి, అయ్యో, నాకు జర చెప్పొద్దా బావా, నేనొస్తుంటి కద అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. చెయ్యి నొప్పిపుట్టేదాకా ఏదైనా విసరాలనిపించింది.

ఎన్నిక రోజు కచేరీ నుంచి గిర్దావరు వచ్చాడు, పట్వారీల మీద అధికారి. తెలుగు వచ్చీరానట్టు మాట్లాడే పెద్దమనిషి, చెడ్డవాడేం కాదు. చావడి ముందు వాడవాడ మగవాళ్ళందరూ నేల మీద కూర్చున్నారు, మేం ఆడవాళ్ళం గోడ పక్కన నిలబడ్డాం. గొల్లవాడ అయిపోయింది, కాపుల వాడ అయిపోయింది, ఇక సాలెవాడ అన్నారు. మా నాయన లేచి ముందుకు వస్తుండగా అటునుంచి మా మేనమామ ఇంటివాళ్ళు వచ్చారు. అతని చేతిలో నీళ్ళ చెంబు, అతని భార్య చేతిలో ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో భుజాన కప్పే కొత్త సెల్లా, ఆకువక్కలు. వెనక ఒకడు మంచం మోసుకొచ్చి చావడి ముందు వాల్చాడు.

"కూసో బావా," అన్నాడు మా మేనమామ. "మన మనసులు ఇరిగినయి. నలుగుర్ల ముందట నీ కాళ్ళు కడిగి, ఆ పగ ఈన్నే ఇడిసిపెడ్త. ఆ తర్వాత ఎవరు గెలిస్తే ఏంది."

మా నాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళుగా ఆ మనిషి నోట అట్లాంటి మాట వినడానికి ఆయన ఎంత మొహం వాచి ఉన్నాడో నాకు తెలుసు. బావమరిది తానై వచ్చి చెంబు పట్టుకుంటే కాళ్ళు వెనక్కి తీసుకోవడం మా వాళ్ళలో ఎంత అవమానమో, మా పెద్దవాళ్ళెవరినైనా అడగండి, చెబుతారు. ఆయన మంచం మీద కూర్చున్నాడు. మా మేనమామ గొంతుక్కూర్చుని రెండు కాళ్ళూ కడిగాడు, అతని భార్య కొంగుతో తుడిచింది, కొత్త సెల్లా భుజం మీద వేశారు. గోడ పక్కన మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సంతోషంతో పట్టుకుందనుకున్నాను నేను, పిచ్చిదాన్ని. ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

అందరూ నేల మీద ఉంటే మంచం మీద ఒక్క మనిషి కూర్చుని ఉండడం గిర్దావరుకు వింతగా తోచింది. ఈయన ఎవరు, ఊరివాడా, చుట్టమా అని అడిగాడు. మా మేనమామ తడి చేతులు తుడుచుకుంటూ నిదానంగా లేచాడు.

"మా వాడ అల్లుడు సాబ్. కాళ్ళు కడిగిన నీళ్ళు ఇంక ఆరలే, మీరే చూడుండ్రి. అల్లుణ్ణి కూసోబెట్టి పెట్టుడే తెలుసు మాకు, పనికి నిలబెట్టుడు తెల్వదు."

జనం నవ్వారు. ఆ నవ్వు మామూలుగా నవ్వినట్టే ఉంది, పెళ్ళిలో వియ్యంకుల్ని ఆటపట్టించినట్టు. మా నాయన భుజం మీది సెల్లా మీద చెయ్యి వేశాడు. తీసి అవతల పారేస్తే పుట్టింటివాళ్ళు పెట్టిన మర్యాదను మా అమ్మ మొహాన కొట్టినట్టు; ఉంచుకుంటే చుట్టమని ఒప్పుకున్నట్టు. చెయ్యి అట్లాగే పెట్టుకుని ఉండిపోయాడు. సరే, పేరేం పేరు అని గిర్దావరు అడిగాడు. మా నాయనకంటే ముందు సాలెవాడ మగవాళ్ళే అందుకున్నారు. అల్లుడు సాబ్, అల్లుడనే అంటం అన్నాడు ఒకడు, మా నాయన దగ్గర పని నేర్చుకున్నవాడే.

అప్పుడు మా అమ్మ నా చెయ్యి వదిలేసి గోడ దగ్గరనుంచి ముందుకు నడిచింది. ఆ కాలంలో మొగుడి పేరు ఆడది నోటితో అనేది కాదు, అంటే అతని ఆయుష్షు తగ్గుతుందనేవారు. ఆమె మా నాయన పేరు గట్టిగా, ఇంటి పేరుతో సహా, చావడి అంతటికీ వినబడేట్టు చెప్పింది. "నేను ఈ ఊరి బిడ్డను. నేను ఈ ఊరిదాన్నయితే నా మొగడు ఏ ఊరోడు? చెప్పుండ్రి," అన్నది. ఆడవాళ్ళు నోట కొంగు పెట్టుకున్నారు. మొగుని పేరు పెట్టింది, మొగుని పేరు పెట్టింది అని గుసగుసలు పోయాయి. గిర్దావరు, కాపురం ఉన్నవాడు నిలబడవచ్చు, చేతులెత్తండి అన్నాడు. మా నాయనకు ఎత్తమన్నప్పుడు ఇంటింటా మజ్జిగ ఇచ్చిన చేతులు, ప్రమాణాలు చేసిన చేతులు, అన్నీ ఒళ్ళోనే ఉన్నాయి. వాళ్ళు మా నాయన మొహం చూడలేదు, తడిసిన పాదాలవైపే చూశారు. ఇంత మర్యాద జరిగాక అల్లుణ్ణి కమిటీలో కూర్చోబెడితే వాడ పరువు పోతుందని నిజంగానే నమ్మినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఆ నమ్మినవాళ్ళ మీద నాకు ఇంకా కోపం.

ఇంటికి వచ్చి మా నాయన ఆ సెల్లా మడతపెట్టి మా అమ్మ చేతికిచ్చి మగ్గం గుంతలో దిగాడు. నాలుగు రోజులు పోయాక రాయచూరు దిక్కుకు మనిషిని పంపాడు, ఈ సంబంధం వద్దని. ఇంకొక పిలగాణ్ణి ఈ వాడకు అల్లుణ్ణి చెయ్య, నా బిడ్డ యాడికి పోతే ఆడ కోడలయితది, అది నయం అన్నాడట. నన్నెవరూ అడగలేదు. మాఘంలో నన్ను వనపర్తి పక్కనున్న ఈ ఊరికి ఇచ్చారు. మా ఇంట్లో మా అమ్మ పక్కన బతకవలసినదాన్ని, తెలియని ఇంట్లో తలవంచుకుని బతికాను. నా మొగుడు మంచివాడే, ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా ఆ నీళ్ళ చెంబు మీదే. మా మేనమామ కమిటీలో చాలాకాలం ఉన్నాడు. పోటీకి నిలబడ్డ బావ కాళ్ళు కడిగిన ధర్మాత్ముడని అతని గురించి ఊళ్ళో కథగా చెప్పుకునేవారు. నా చెవులతో నేనే విన్నాను, నా ఎదురుగానే చెప్పేవారు, నేనేదో సంతోషపడతానన్నట్టు. అతను పోయిన కబురు వచ్చిననాడు నేను తలస్నానం చేసి అన్నం తిన్నాను, ఏడవలేదు.

ఇప్పుడు చేతులెత్తే పని లేదు, చాటుకు పోయి ఓటు వేసి రావచ్చు, ఎవరి మొహం ఎవరూ చూడక్కరలేదు. అల్లుళ్ళు వస్తే నల్లా చూపించి సబ్బు చేతికిస్తున్నారు. ఆడపిల్లలు మొగుళ్ళను పేరు పెట్టి పిలుస్తుంటే మా ఈడు ఆడవాళ్ళు మూతి ముడుస్తారు గానీ నాకు మాత్రం వినడానికి హాయిగా ఉంటుంది. మా వాడలో మగ్గాలు కూడా చాలావరకు పోయాయట, పడుగు పట్టడానికి రాకుండా తలుపులు వేసుకునే అవసరం ఎవరికీ లేదు. ఇవన్నీ మంచికే మారాయని నేను అంటాను. మా నాయనకే ఏదీ అందలేదు.

ఆయన పోయేనాటికి బాగా ముసలివాడయ్యాడు. కబురందుకుని నేను బండి మీద పోయేసరికి ఇంట్లో మంచం మీదినుంచి దింపి నేల మీద పడుకోబెట్టారు. బయట డప్పు కొట్టేవాడు వీధివీధీ చాటుతున్నాడు, సాలెవాడ అల్లుడు పోయిండు, సాలెవాడ అల్లుడు పోయిండు అని. పీనుగ పక్కన కూర్చున్న మా అమ్మ చెవిన అది పడింది. ఏడుపు ఆపి, లేచి గడపలోకి వచ్చి, వాణ్ణి పిలిపించింది. ఆయనకు పేరున్నది, పేరు పెట్టి చాటు అని చెప్పింది. మళ్ళీ ఆ పేరు తన నోటితోనే అన్నది.

వాడు మా మీద పగ ఉన్నవాడు కాదు, మా నాయన చేత ఎన్నోసార్లు అన్నం పెట్టించుకున్నవాడు. డప్పు కిందికి దించి, తల వంచుకుని, "ఆ పేరు చెప్తే పోయింది ఎవరని ఎవరికి తెలుస్తదమ్మా," అన్నాడు.

మా అమ్మ గడప పట్టుకుని, పోనీ, నీ ఇష్టం వచ్చినట్టే చాటు అని లోపలికి వచ్చింది.